అసలు సరిగ్గా ఉంటేనే కొసరు

నిజామాబాద్ జిల్లా ఆర్మూర్ దగ్గర రెండు జాతీయ రహదారులు కలుస్తాయి. నాగ్‌పూర్ వైపు నుంచి హైదరాబాద్‌కు దిగే 44వ నంబరు ఒకటి, నిజామాబాద్ నుంచి జగిత్యాల మీదుగా సాగే 63వ నంబరు ఇంకొకటి. సిద్ధులగుట్ట కింద ఉన్న ఈ పట్టణం చుట్టూ వేల్పూర్, బాల్కొండ, జక్రాన్‌పల్లి, మోర్తాడ్ మండలాల్లో పండే పసుపు, ఎర్రజొన్న, మక్క ఈ రోడ్ల మీదనే బయటికి పోతాయి. ఇక్కడ పొద్దున అమ్మినవాడే మాపటికి కొనేవాడవుతాడు. పసుపు అమ్మిన రైతు ఆ డబ్బుతో ఎరువుల దుకాణం బాకీ కడతాడు, బిడ్డ పెండ్లికి బట్టలు కొంటాడు, ట్రాక్టర్ కిస్తీ కడతాడు. కమీషన్ మీద సరుకు అమ్మిపెట్టే అడ్తిదారుకు రైతే ఖాతాదారు, రైతుకు ఖరీదుదారు కొనుగోలుదారు, ఆ ఖరీదుదారుకు ఎక్కడో ఢిల్లీలో పొడి పట్టించే మిల్లు కొనుగోలుదారు. ఒకరి తృప్తి ఇంకొకరి తృప్తికి ముడిపడి ఉన్న ఊరు ఇది. కొనేవాడు ఆశించినదానికన్నా ఎక్కువ ఇచ్చి మెప్పించాలని వ్యాపార పాఠాలు చెప్పే మాట ఎంతవరకు నిజమో చూడాలంటే ఇంతకన్నా మంచి చోటు నాకు కనిపించలేదు.

ఆ మాట సగమే నిజమని నా అభిప్రాయం. అసలు సరిగ్గా ఉన్నచోట కొసరు కొనేవాడి మనసులో నిలుస్తుంది. అసలులో కోత పెట్టి పైన కొసరు వేస్తే అతనికి కోపమే వస్తుంది. మన ప్రాంతపు వ్యాపారంలో ఇప్పటికీ పెద్ద లోటు అసలులోనే ఉంది.

ముందుగా, ఈ విషయం మీద పండితులు ఏం తేల్చారో చూద్దాం. 1980లో రిచర్డ్ ఆలివర్ అనే అమెరికన్ పరిశోధకుడు చెప్పిన మాటతో ఈ చర్చకు ఒక రూపం వచ్చింది. తృప్తి వస్తువులో లేదు, ఆశించినదానికీ అందినదానికీ మధ్య ఉన్న తేడాలో ఉంది అన్నాడు. అనుకున్నదానికన్నా మేలు జరిగితే సంతోషం, కీడు జరిగితే నిరాశ. ఆ తర్వాత పరశురామన్, జైతామ్ల్, బెర్రీ అనే ముగ్గురు ఇదే ఆలోచనను బ్యాంకులకు, మరమ్మతు దుకాణాలకు, ఇతర సేవలకు అన్వయించి, 1988 నాటికి సేవను కొలిచే ఐదు గుణాల జాబితా తయారుచేశారు. దుకాణం ఎట్లా కనిపిస్తోంది, ఎంత తొందరగా పలుకుతున్నారు, ఎంత ఆదరంగా మాట్లాడుతున్నారు వంటివన్నీ అందులో ఉన్నాయి. కానీ జనం అన్నిటికన్నా ఎక్కువ బరువు ఇచ్చింది ఒక్కదానికే: చెప్పింది చెప్పినట్టు చేయడం.

జపాన్‌కు చెందిన నొరియాకి కానో 1984లో ప్రకటించిన విభజన నాకు అన్నిటికన్నా ఉపయోగంగా అనిపిస్తుంది. కొనేవాడు కోరే గుణాలన్నీ ఒక్క తీరువి కావంటాడు ఆయన. కొన్ని తప్పనిసరివి. అవి ఉన్నాయని ఎవరూ మెచ్చుకోరు, లేకపోతే మాత్రం ఊరుకోరు. కొన్ని ఎంత ఎక్కువైతే అంత మేలు. మరికొన్ని అడగనివి, ఊహించనివి. లేకపోయినా ఎవరూ నొచ్చుకోరు, ఉంటే మురిసిపోతారు. పసుపు బస్తాకు దీన్ని అన్వయిస్తే విషయం తేటపడుతుంది. తూకం నిజంగా ఉండటం మొదటి రకం. కొమ్ము ఎండు, లోపలి రంగు, పసుపుకు రంగునిచ్చే కర్క్యుమిన్ శాతం రెండో రకం. రైతు అడగకుండానే ఖరీదుదారు తన పరీక్ష ఫలితాన్ని చూపించి, నీ సరుకులో ఇది బాగుంది, ఇక్కడ తక్కువైంది అని చెప్పడం మూడో రకం. మూడోది ఎంత గొప్పగా చేసినా మొదటిదాని లోటును పూడ్చలేదన్నదే కానో చూపిన అసలు సంగతి.

కానో ఇంకో హెచ్చరిక కూడా చేశాడు. ఇవాళ మురిపించింది రేపటికి మామూలవుతుంది, ఎల్లుండికి హక్కవుతుంది. వారపు అంగడిలో కూరగాయల మీద వేసే కొత్తిమీర కట్ట, కల్యామాకు రెమ్మ ఒకప్పుడు అమ్మే ఆమె మంచితనం. ఇప్పుడు వేయకపోతే కొనేవారు నిలబడి అడుగుతారు. అట్లా అడగడం తప్పేమీ కాదు. వ్యాపారి మాత్రం ఒక లెక్క గుర్తుపెట్టుకోవాలి. కొసరుతో సంపాదించిన పేరును నిలబెట్టుకోవాలంటే ప్రతి ఏడూ కొత్త కొసరు వెతుక్కోవాలి, మాటతో సంపాదించిన పేరుకు ఆ అవసరం లేదు.

2010లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో డిక్సన్, ఫ్రీమన్, టోమన్ రాసిన వ్యాసం ఈ చర్చను ఇంకో మలుపు తిప్పింది. కంపెనీల సేవా కేంద్రాలతో మాట్లాడిన 75 వేల మందికి పైగా వినియోగదారులను అడిగి వాళ్లు తేల్చిందేమిటంటే, ఆశించినదానికన్నా ఎక్కువ చేయడం వల్ల విధేయత పెద్దగా పెరగడం లేదు. కొనేవాడి శ్రమ తగ్గిస్తే పెరుగుతోంది. ఒకే సంగతి నలుగురికి చెప్పాల్సిరావడం, మళ్లీ మళ్లీ తిరగాల్సిరావడం జనాన్ని విసిగిస్తున్నాయి. తప్పు జరిగాక అద్భుతంగా సరిదిద్దితే కొనేవాడు మునుపటికన్నా ఎక్కువ సంతోషిస్తాడన్న వాదన కూడా 1990ల నుంచి ఉంది. 2007లో ఆ అధ్యయనాలన్నిటినీ కలిపి చూసినవాళ్లకు తృప్తి పెరగడం కనిపించింది కానీ, మళ్లీ కొంటారన్న హామీ మాత్రం కనిపించలేదు. తప్పు చేసి బాగా దిద్దడం కన్నా తప్పు చేయకపోవడమే మేలన్నమాట.

ఇక మన నేల మీదికి వద్దాం. ఆర్మూర్‌కు కూతవేటు దూరంలో, నిజామాబాద్ దారిలో అంకాపూర్ ఉంది. విత్తనాల వ్యాపారంలో రాష్ట్రమంతా పేరున్న ఊరు. సజ్జ, జొన్న, మక్క విత్తనాలు పండించి, శుభ్రం చేసి, ఉత్తరాదికి పంపే పని ఇక్కడ ఇంటింటికీ తెలుసు. కూరగాయలు, పచ్చి మక్కకంకుల బేరంలో ఆడవాళ్లదే పైచేయి. ఇంత వ్యవసాయం ఉన్నా, హైదరాబాద్‌లో అంకాపూర్ అనగానే జనానికి ముందు గుర్తొచ్చేది నాటుకోడి కూర. ఎందుకు?

ఆ కూర అమ్మే పద్ధతిలోనే జవాబు ఉంది. అక్కడ ప్లేటు లెక్కన ముక్కలు అమ్మరు, కోడి లెక్కన అమ్ముతారు. ఆర్డర్ ఇచ్చాకనే కోయడం, వండటం. పొద్దున వండిన కూరను వేడిచేసి పెట్టే పని లేదు. ముందే ఫోన్ చేసి, ఎంతమందిమి, ఎన్ని గంటలకు వస్తాం అని చెబితే ఆ వేళకు మూటకట్టి ఉంచుతారు, అన్నం కావాలంటే అదీ. కోడి మొత్తం మనదే కాబట్టి కందనకాయ, కాలేయం ఎవరి గిన్నెలోకి పోయాయో అన్న అనుమానం ఉండదు. ఈ ప్రాంతపు పసుపు, అల్లంవెల్లుల్లి, ఎండుకొబ్బరి వేసి ఇంట్లో వండిన తీరుగానే వండుతారు.

ఇందులో ఉచితంగా ఇచ్చేది ఏమీ లేదు, ధర కూడా తక్కువ కాదు. అయినా జనం ఎందుకు మురిసిపోతారు? రహదారి పక్కన తిండి మీద మనకు ఉండే ఆశ చాలా తక్కువ కనుక. ఏ మాంసమో, ఎప్పటిదో, ఏ నూనెలో వేగిందో తెలియదన్న భయంతోనే బండి ఆపుతాం. అక్కడ, నీ కోడి ఇది, నీకోసమే వండాం, చెప్పిన వేళకు సిద్ధంగా ఉంది అన్న మూడు సంగతులు నిజమైతే అదే పెద్ద కానుక. ఆలివర్ చెప్పిన తేడా ఇదే. ఫోన్‌లో తేలిపోయే ఆర్డర్‌లో 2010 నాటి వ్యాసం చెప్పిన శ్రమ తగ్గింపు ఉంది. ఈ పద్ధతి కనిపెట్టినవాళ్లు ఆ వ్యాసాలేవీ చదివి ఉండరు. తాము ఇంటికొచ్చిన చుట్టానికి ఏం చేస్తారో అదే కొనేవారికీ చేశారు.

తెలుగు నేల మీద ఈ తీరు పేరు తెచ్చుకున్నవి ఇంకా ఉన్నాయి. 1948లో కర్నూలులో మొదలైన పుల్లారెడ్డి మిఠాయిలు నెయ్యి విషయంలో రాజీ పడకపోవడం వల్ల నిలిచాయి. కాకినాడ సుబ్బయ్య హోటల్‌లో కొసరి కొసరి వడ్డించే తీరు గురించి తిన్నవాళ్లంతా చెబుతారు. అయితే ఆ వడ్డన వెనక రుచిగల వంట లేకపోతే ఎవరూ రెండోసారి విస్తరి ముందు కూర్చోరు.

అంకాపూర్ పేరుకు ఇప్పుడొక ప్రమాదం కూడా ఉంది. హైదరాబాద్‌లో ఈ ఊరి పేరుతో బోర్డులు చాలా వెలిశాయి. వాటిలో కొన్ని మంచివే కావచ్చు. కానీ ఆ పేరు చూసి లోపలికొచ్చినవాడి ఆశ అప్పటికే పెద్దది. ఫారం కోడి ముక్కలు నాటుకోడి ధరకు పెడితే నష్టం ఆ ఒక్క హోటల్‌తో ఆగదు, ఊరి పేరుకే తగులుతుంది.

పసుపు సంగతి ఇంతకన్నా పెద్దది, బరువైనది. తొలకరికి నాటితే ఎనిమిది తొమ్మిది నెలలు నేలలో ఉంటుంది. తవ్వి, ఉడికించి, రెండు వారాల దాకా ఎండలో పెట్టి, డ్రమ్ములో తిప్పి పాలిష్ చేసేసరికి నూరు కిలోల పచ్చిపసుపు ఇరవై కిలోల దాకా దిగుతుంది. ఒకప్పుడు కళాయిల్లో ఉడికించేవాళ్లు, ఇప్పుడు ఆవిరి బాయిలర్లు ఊళ్లలోకి వచ్చాయి. ఇంత చాకిరీ తర్వాత జనవరి నుంచి ఏప్రిల్ దాకా బస్తాలు నిజామాబాద్ మార్కెట్ యార్డుకు చేరతాయి. దేశంలో తమిళనాడులోని ఈరోడ్, మహారాష్ట్రలోని సాంగ్లీలతో సమానంగా చెప్పుకునే పసుపు మార్కెట్ అది. అక్కడ ఖరీదుదారు ఒక కొమ్ము తీసి విరుస్తాడు. టక్కున విరిగితే ఎండినట్టు. రైతు ఏడాది కష్టానికి ధర కట్టేది ఆ ఒక్క చప్పుడే.

ఆ నిమిషంలో రైతు ఏం ఆశిస్తాడు? మంచి ధర ఆశిస్తాడు, నిజమే. కానీ ధర ఏ ఒక్క వ్యాపారి చేతిలోనూ పూర్తిగా లేదు. అంతకు మూడు నాలుగేళ్ల ముందు క్వింటాల్ ఐదారు వేల దగ్గర కొట్టుమిట్టాడిన పసుపు 2024 మార్చిలో 18 వేల దరిదాపులకు పోయింది. వ్యాపారి చేతిలో ఉన్నవి వేరే: కాంటా, మచ్చు పేరుతో తీసే సరుకు, తరుగు, తక్‌పట్టీ అనే అమ్మకం చీటీలో రాసే అంకె, డబ్బు చేతికందే రోజు. వెంటనే నగదు కావాలంటే ఇంత కోత అనడం మన మార్కెట్లలో రైతుల పాత ఫిర్యాదు. తనకు రావాల్సిన డబ్బు తాను తీసుకోవడానికి రైతు మూల్యం కట్టాల్సిరావడం కన్నా అన్యాయం ఏముంటుంది? సీజన్ చివర అడ్తిదారు పంచే క్యాలెండర్, గోడ గడియారం, తీర్థయాత్ర టికెట్టు ఈ కోతకు జవాబు కావు. రైతు వాటిని తీసుకుంటాడు, నవ్వుతాడు, మరుసటి ఏడు వేరే దుకాణం వెతుకుతాడు.

2016 ఏప్రిల్ 14న దేశంలో ఈ-నామ్ అనే జాతీయ ఎలక్ట్రానిక్ వ్యవసాయ మార్కెట్ మొదలైనప్పుడు తొలి విడత 21 మార్కెట్లలో నిజామాబాద్ ఉంది. 2017లో దాని అమలుకు ఈ జిల్లాకు ప్రధానమంత్రి పురస్కారం కూడా వచ్చింది. తువ్వాల కింద వేళ్లు పట్టుకుని బేరం చేసిన పాత రోజులతో పోలిస్తే, తన కుప్పకు ఎవరు ఎంత వేశారో తెర మీద చూడగలగడం రైతుకు పెద్ద మార్పు. నేను దీన్ని మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. కానీ ఈ-నామ్ అసలు ఉద్దేశం ఎక్కడో ఉన్న కొనుగోలుదారు కూడా ఇక్కడి కుప్పకు ధర వేయడం. బస్తా కళ్లతో చూడనివాడు ధర వేయాలంటే తేమ, కర్క్యుమిన్, కల్తీ పరీక్షల కాగితం ఒకటి ఉండాలి, దాన్ని అతను నమ్మాలి. ఆ పరీక్ష ప్రతి కుప్పకూ అందే దాకా పోటీ యార్డు గోడల లోపలే తిరుగుతుంది.

ఆర్మూర్ ప్రాంతపు రైతులు కొందరు ఏటా లారీలు మాట్లాడుకుని వందల కిలోమీటర్ల దూరాన ఉన్న సాంగ్లీకి పసుపు తోలుతారు. కిరాయి, దారిఖర్చు, పరాయి భాష, అన్నీ భరించి పోతున్నారంటే ఇక్కడి మార్కెట్ వాళ్లకు ఏదో తక్కువ చేస్తున్నట్టే. వ్యాపార సంఘాలు ఏ సర్వేలూ చేయనక్కరలేదు. సాంగ్లీకి లారీల్లో పోయివచ్చే రైతులను అడిగితే చాలు.

అసలు తప్పితే ఏమవుతుందో ఆర్మూర్‌కు తెలిసినంతగా బహుశా ఏ ఊరికీ తెలియదు. ఇక్కడి ఎర్రజొన్న ఉత్తరాది రాష్ట్రాల్లో పశుగ్రాసానికి విత్తనంగా పోతుంది. 2008లో పంట తీసుకున్న వ్యాపారి డబ్బు చెల్లించకపోవడంతో రైతులు రోడ్డెక్కారు. ఆందోళన పోలీసు కాల్పుల దాకా వెళ్లింది. తెలంగాణ వచ్చాక 2014లో కొత్త ప్రభుత్వం దాదాపు 11 కోట్ల రూపాయల బకాయి తీర్చాల్సి వచ్చింది. ఒక బాకీ ఆరేళ్లు ఒక ప్రాంతం మొత్తాన్ని అపనమ్మకంలో ఉంచింది. ఆ తర్వాత విత్తన కంపెనీలు ఎంత మంచి రేటు చెప్పినా రైతు మొదటి ప్రశ్న, డబ్బులు ఎప్పుడిస్తారు అన్నదే.

ఆశ పెంచడానికీ తీర్చడానికీ మధ్య దూరం ఎంతో 2019లో దేశమంతా చూసింది. ఫిబ్రవరిలో పసుపుకు క్వింటాల్‌కు 15 వేలు, ఎర్రజొన్నకు 3,500 మద్దతు ధర కోసం రైతులు 44వ రహదారి మీద బైఠాయించారు. ఏప్రిల్‌లో నిజామాబాద్ లోక్‌సభ స్థానానికి 178 మంది రైతులు పోటీకి దిగారు. ఒక్కో పోలింగ్ కేంద్రంలో 12 ఓటింగ్ యంత్రాలు వరుసగా పెట్టాల్సి వచ్చింది. ఆ పోటీలో నెగ్గిన అభ్యర్థి అంతకుముందు, తాను గెలిస్తే కొద్ది రోజుల్లోనే పసుపు బోర్డు తెస్తానని బాండ్ పేపర్ మీద రాసిచ్చారు. జాతీయ పసుపు బోర్డు ప్రకటన 2023 అక్టోబర్ 1న మహబూబ్‌నగర్‌లో వచ్చింది, బోర్డు 2025 జనవరి 14న మొదలైంది, నిజామాబాద్‌లో ప్రధాన కార్యాలయం అదే ఏడు జూన్ 29న తెరుచుకుంది. బోర్డు రావడం నిజమైన విజయం, దానికోసం కొట్లాడిన ప్రతి ఒక్కరికీ దండం. కానీ రోజుల్లో అన్నది ఏళ్లకు వస్తే, వచ్చినదాని మీద సంతోషం సగం దారిలోనే ఖర్చయిపోతుంది. తీర్చగలిగినంతే చెప్పి, చెప్పినదానికన్నా ముందే తీర్చినవాడే జనాన్ని మెప్పిస్తాడు. వ్యాపారికీ ఇదే వర్తిస్తుంది.

ఇక ఈ గొలుసులో చివరి కొస, వంటింట్లో పసుపు డబ్బా మూత తీసే ఇల్లాలు. ఆమెతో మాట్లాడేవాళ్లే లేరు. ఆమె కళ్లకు కనిపించేది రంగు ఒక్కటే కాబట్టి వ్యాపారం కూడా రంగు చుట్టే తిరిగింది. ఆ మెరుపు కోసం కొన్నిచోట్ల కొమ్ముల మీద సీసం కలిసిన లెడ్ క్రోమేట్ పూయడం మొదలైంది. పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీసే విషం అది. బంగ్లాదేశ్‌లో 2019లో పరీక్షించిన మార్కెట్ పసుపు నమూనాల్లో 47 శాతంలో సీసం దొరికింది. ప్రభుత్వం దాడులు చేసి, జరిమానాలు వేసి, ఊరూరా చెప్పడంతో 2021కల్లా అది సున్నాకు వచ్చింది. మన దేశంలో, పొరుగు దేశాల్లో చేసి 2024లో ప్రచురించిన అధ్యయనం పట్నా వంటి నగరాల నమూనాల్లో అనుమతించిన 10 పీపీఎంకు ఎన్నో రెట్లు సీసం ఉన్నట్టు చూపింది. ఇల్లాలు ఆశించింది పసుపు. ఆమెకు అందింది విషం. ఇంతకన్నా ఘోరమైన తేడా ఏ వ్యాపారంలోనూ ఉండదు.

ఈ తేడాను పూడ్చడంలోనే ఆర్మూర్‌కు గొప్ప అవకాశం ఉందని నేను నమ్ముతాను. సాంగ్లీ పసుపుకు 2018లో, ఈరోడ్ పసుపుకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మేఘాలయ లకడాంగ్ పసుపు కర్క్యుమిన్ ఏడు శాతం దాటుతుందన్న పేరుతో ఎక్కువ ధరకు అమ్ముడవుతోంది. మన సరుకు కర్క్యుమిన్‌లో దానితో పోటీ పడలేదు. కానీ ప్యాకెట్ మీద ఏ ఊరి పసుపు, ఏ ఏడు తవ్వింది, కర్క్యుమిన్ ఎంత, సీసం పరీక్షలో ఏం వచ్చింది అని నాలుగు వాక్యాలు నిజంగా రాసి అమ్మితే, ఆ ఇల్లాలికి ఇంతవరకు ఎవరూ ఇవ్వనిది ఇచ్చినట్టవుతుంది. అమెరికాలో, గల్ఫ్‌లో ఉన్న మన జిల్లావాళ్లు ఊరి నుంచి తిరిగి వెళ్లేటప్పుడు పసుపు పొడి మూట కట్టుకుపోతారు. అట్లాంటి మూటకు అచ్చువేసిన నమ్మకం తోడైతే దానికి మార్కెట్ ఉంది. ప్రపంచంలో పండే పసుపులో 70 శాతానికి పైగా మన దేశానిదే. 2022-23లో 11.6 లక్షల టన్నులు పండించి, లక్షన్నర టన్నులు ఎగుమతి చేసి సంపాదించింది 20.7 కోట్ల డాలర్లు. బోర్డు 2030కి పెట్టుకున్న లక్ష్యం వంద కోట్ల డాలర్లు. పరీక్షించిన సరుకు లేకుండా ఆ అంకె అందదు.

ఎరువుల దుకాణం గురించి ఒక మాట చెప్పకుండా ముగించలేను. పంటకు దుంపకుళ్లు వచ్చిందని రైతు ఆకు తెంపుకుని వస్తే, మూడు డబ్బాలు అంటగట్టే దుకాణాలు ఎన్నో. ఉద్దెర ఖాతా ఉంది కదా అని రైతు కూడా తీసుకుపోతాడు. ఈ మందు నీకు అక్కరలేదు, నీరు నిలవకుండా కాలువ తీసుకో, కమ్మర్‌పల్లి పరిశోధనా కేంద్రంలో ఒకసారి అడుగు అని చెప్పే దుకాణదారు కూడా అక్కడక్కడ ఉంటాడు. ఆ రోజు అతనికి అమ్మకం లేదు. కానీ ఆ రైతు తన అన్నదమ్ముల ఖాతాలన్నీ అతని దగ్గరికే తెస్తాడు. కొనవద్దని చెప్పడం కొనేవాడు కలలో కూడా ఆశించని సేవ. నా లెక్కలో అన్ని కొసరులకన్నా ఇదే పెద్దది, ఖర్చు లేనిది.

పసుపు బోర్డు పెద్దలకు, యార్డు కమిటీకి, అడ్తి, ఖరీదు సంఘాలకు ఒక విన్నపం. వచ్చే జనవరిలో కొత్త పసుపు వచ్చేలోగా రెండు పనులు చేయండి. అమ్మిన రోజు సాయంత్రమే కోత లేకుండా పూర్తి డబ్బు రైతు ఖాతాలో పడాలి. ప్రతి కుప్పకూ తేమ, కర్క్యుమిన్, సీసం పరీక్ష జరిగి ఆ కాగితం తక్‌పట్టీతోపాటే రైతు చేతికి రావాలి. క్యాలెండర్లు, గడియారాలు ఆ తర్వాత పంచుకోవచ్చు.